సమురాయ్ కత్తి కాదు, సన్యాసి కత్తి: జపాన్ కమిసోరి కథ

కిందటి ఎపిసోడ్‌లో నా టేబుల్ మీద, మైక్ పక్కన, ఒక చిన్న కత్తి కనిపించింది మీలో కొంతమందికి. "అన్నా అదేంటి, ఆపరేషన్ కత్తా?" అని ఒకరు అడిగారు. ఇంకో తమ్ముడేమో "మంగలి కత్తి పెట్టుకుని హిస్టరీ చెప్తున్నావేంటి బ్రో" అని నవ్వుతున్న ఎమోజీలు పెట్టాడు. ఆ రెండో తమ్ముడికి థ్యాంక్స్. కరెక్ట్‌గా చెప్పాడు. అది మంగలి కత్తే. కాకపోతే జపాన్ మంగలి కత్తి. దాని పేరు కమిసోరి.

మా తాత మా ఊళ్లో మంగలి. మేం ఇంట్లో ఆ మాటే వాడతాం, అందుకే ఇక్కడ కూడా వాడుతున్నా. చెట్టు కింద చాప, పక్కన నీళ్ల గిన్నె, పటిక ముక్క, సానరాయి, తోలు పట్టా, ఇవన్నీ పెట్టుకునే ఒక పొది. కోతలయ్యాక రైతులు కొలిచే గింజలే జీతం. మా నాన్న సెలూన్ పెట్టాడు, తాత కత్తి పొదిలోనే ఉండిపోయింది. ఆ ఎమోజీలు చూశాక ఈ ఎపిసోడ్ చెయ్యాలనిపించింది.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. రెండేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో ఒక పాత కమిసోరి కొన్నాను. అమ్మినవాడు పెద్ద అక్షరాలతో "సమురాయ్ రేజర్, అసలు సిసలు కటానా ఉక్కు" అని రాశాడు. నేను హిస్టరీ వీడియోలు చేసేవాణ్ణి కదా, అయినా పడిపోయాను. వచ్చింది. చూస్తే మడతపెట్టే పిడి లేదు, కొమ్ము పిడి లేదు, మొత్తం ఒకటే ఇనప ముక్క, బొటనవేలంత వెడల్పు అంచు, వెనక పట్టుకోవడానికి ఒక కడ్డీ, దానికి చుట్టిన సన్నటి బెత్తం. అంతే. తాత దగ్గర చూసిన పద్ధతిలో సానరాయి మీద ఇటు పది, అటు పది రుద్దాను. గడ్డానికి పెట్టుకున్నాను. వెంట్రుక తెగడం కాదు, పీకినట్టయింది. రెండో లాగుకి గడ్డం కింద తెగింది. పటిక పెట్టుకుని కూర్చుని, అసలు ఇది ఎవరి కోసం చేసిన వస్తువు అని అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. కొనకముందు చెయ్యాల్సిన పని అది.

సరే, కథలోకి వెళ్దాం.

జపాన్‌లో తలమీద కత్తి పెట్టడం అనేది ఫ్యాషన్‌గా మొదలవలేదు, యుద్ధం కోసం అసలే కాదు. బౌద్ధంతో వచ్చింది. 6వ శతాబ్దంలో కొరియా వైపు నుంచి, పెక్చే అనే రాజ్యం ద్వారా బౌద్ధం జపాన్ రాజసభకి చేరింది. విగ్రహాలు, గ్రంథాలతో పాటు భిక్షువుల అలవాట్లు కూడా వచ్చాయి. భిక్షువు దగ్గర ఉండదగ్గ సామాను చాలా తక్కువ. పాళీ సంప్రదాయంలో ఎనిమిది వస్తువులు చెప్తారు: మూడు చీవరాలు, ఒక పాత్ర, నడుముకి పట్టీ, సూది, నీళ్లు వడగట్టే గుడ్డ, ఇంకా ఒక క్షురకత్తి. క్షురం అంటే మనకి తెలిసిందే కదా, మన క్షవరం మాట వచ్చింది అక్కణ్ణించే. ఇండియాలో మొదలైన ఒక నియమం చైనా, కొరియా దాటి జపాన్ చేరేసరికి దాని వెంట కత్తి కూడా చేరింది. ఆస్తులన్నీ వదిలేసినవాడి దగ్గర మిగిలే కొద్దిపాటి ఆస్తిలో ఇదొకటి అన్నమాట.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్పాలి. జపాన్‌లో మొదటగా గుండు చేయించుకుని దీక్ష తీసుకున్నది ఎవరో తెలుసా? ఏ ముసలి పండితుడో అనుకుంటాం. కాదు. నిహోన్ షోకి అని వాళ్ల పురాతన చరిత్ర గ్రంథం ఉంది, 720లో పూర్తయింది. దాని ప్రకారం 584లో దీక్ష తీసుకున్నది ఒక అమ్మాయి. వయసు పదకొండు. దీక్ష పేరు జెన్షిన్. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు అమ్మాయిలు. ఆ తర్వాతి ఏడాదే అంటువ్యాధి వచ్చింది. ఈ పరాయి దేవుడి వల్లే మన దేవుళ్లకి కోపమొచ్చిందని కొత్త మతాన్ని వ్యతిరేకించే వర్గం పట్టుబట్టింది. ఆ ముగ్గురి చీవరాలు లాగేసి, సంతలో కొరడాతో కొట్టించారు. వాళ్లు మాత్రం మానలేదు. 588లో సముద్రం దాటి పెక్చే వెళ్లి, భిక్షుణి నియమాలు చదువుకుని, 590లో తిరిగొచ్చారు. సమురాయ్ అనే వర్గం పుట్టడానికి ఇంకా కొన్ని వందల ఏళ్లుంది అప్పటికి. "సమురాయ్ రేజర్" అని అమ్మేవాళ్లకి ఎవరైనా ఈ ముగ్గురమ్మాయిల గురించి చెప్పాలి.

ఈ సంబంధం ఇప్పటికీ తెగిపోలేదు. జోదో షిన్ అనే బౌద్ధ శాఖలో మామూలు గృహస్థులకి చేసే ఒక దీక్ష ఉంది. గురువు వాళ్ల తలమీద కత్తిని మూడుసార్లు ఊరికే తాకిస్తారు. ఒక్క వెంట్రుక కూడా తెగదు. తర్వాత ధర్మనామం ఇస్తారు. ఆ కార్యక్రమాన్ని జనం పిలిచే పేరేంటో తెలుసా? ఓ-కమిసోరి. ముందున్న 'ఓ' మర్యాద కోసం. మనం "గారు" అన్నట్టు, కత్తికి "గారు" అన్నమాట.

మరి సమురాయ్‌లు ఎక్కడొచ్చారు? వచ్చారు, ఆలస్యంగా. సినిమాల్లో చూసుంటారు కదా, నుదుటి నుంచి నడినెత్తి దాకా నున్నగా, వెనకాల జుట్టు పిలకలా కట్టి ముందుకి మడిచి. ఆ నున్నటి భాగాన్ని సకాయకి అంటారు. ఇనప శిరస్త్రాణం కింద తల ఉడికిపోతుంది కాబట్టి యోధులు అలా మొదలుపెట్టారని మామూలుగా చెప్పే కారణం. అసలు సంగతేంటంటే, మొదట్లో దాన్ని కత్తితో గొరిగేవాళ్లు కాదు, పట్టకారుతో పీకేవాళ్లు! 16వ శతాబ్దంలో జపాన్‌లో ఉన్న లూయిస్ ఫ్రోయిస్ అనే పోర్చుగీస్ మతాధికారి, 1585లో యూరప్ వాళ్ల అలవాట్లని, జపాన్ వాళ్ల అలవాట్లని పక్కపక్కన పెట్టి ఒక పుస్తకం రాశాడు. జపాన్ మగవాళ్లు తల వెంట్రుకలు పీకించుకుంటూ పడే బాధ గురించి అందులో ఉంది. ఒడా నొబునాగా అనే పెద్ద యుద్ధనాయకుడు పీకించుకోవడం మానేసి కత్తితో గొరిగించుకోవడం మొదలుపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంత నిజమో గానీ, మార్పు వచ్చింది మాత్రం ఆ కాలంలోనే. అంటే యోధుడు సన్యాసి దగ్గర కత్తి అరువు తెచ్చుకున్నాడన్నమాట.

1603లో ఎదో కాలం మొదలైంది. ఎదో అంటే ఇప్పటి టోక్యో. యుద్ధాలు ఆగిపోయాయి, శిరస్త్రాణాలు అటకెక్కాయి, గుండు ఫ్యాషన్ మాత్రం మిగిలింది. వ్యాపారి, వడ్రంగి, చేపలమ్మేవాడు, అందరిదీ అదే తల. నడినెత్తి మీద వెంట్రుక రెండు మూడు రోజులకే మొలుస్తుంది. ఎవరి నడినెత్తి వాళ్లకి కనపడదు. ఎవడో ఒకడు గొరగాలి. అలా కమియుయ్ అనే క్షురకుల వృత్తి ఊరూరా స్థిరపడింది. వంతెన దగ్గర, వీధి మొదట్లో వాళ్ల దుకాణాలు. 1813లో షికితెయి సాన్బా అనే రచయిత మొత్తం పుస్తకమంతా ఒక క్షురకశాలలోనే నడిపాడు, పేరు ఉకియోదోకో. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, పుకార్లు, పందేలు, పనిలేని కబుర్లు. మా నాన్న సెలూన్లో ఆదివారం పొద్దున కూర్చుంటే ఉండే సీనే. ఇంకో విషయం, ఎదో నగరంలో ఈ క్షురకులకి ఊరి పని కూడా ఉండేది. మంటలంటుకుంటే నగరాధికారి కచేరీకి పరిగెత్తి, రికార్డుల కాగితాలు బయటికి మొయ్యాలి. ఎదోలో ఇళ్లన్నీ చెక్కవి కాబట్టి మంటలు మాటిమాటికీ అంటుకునేవి. అంత నమ్మకమైన పని అప్పగించింది ఎవరికి? కత్తి పట్టుకుని ఊళ్లో అందరి మెడలూ ముట్టుకునేవాళ్లకి.

జపాన్ క్షురకులు తమ వృత్తి పుట్టుకకి కూడా ఒక కథ చెప్పుకుంటారు. షిమొనొసెకి అనే రేవు ఊళ్లో కామెయామా గుడి దగ్గర దీనికి స్మారకం కూడా ఉంది. 13వ శతాబ్దంలో రాజసభలో పనిచేసే ఒక ఉద్యోగి కాపలా కాయాల్సిన విలువైన ఖడ్గం పోయిందట. దాన్ని వెతుక్కుంటూ కొడుకుతో సహా షిమొనొసెకి చేరాడు. తిండికి డబ్బుల్లేక, కొడుకు జుట్టు పని నేర్చుకుని దుకాణం తెరిచాడు. పోయిన ఖడ్గం కోసం బయల్దేరి క్షురకత్తి పట్టుకున్నారన్నమాట. ఇది కథే, చరిత్ర కాదు. కానీ ఒక వృత్తి తన గురించి ఏం అనుకుంటుందో ఇలాంటి కథల్లో తెలుస్తుంది. మేం చేసేది తక్కువ పని కాదు, మేం ఖడ్గం వైపు మనుషులం అని చెప్పుకోవడం అది. మా తాత కూడా ఇలాంటివే చెప్పేవాడు, మా వంశం మొదట వైద్యం చేసిందనీ, కురుపులు కోసి కట్టు కట్టేవాళ్లమనీ. చిన్నప్పుడు నేను నమ్మలేదు. తర్వాత తెలిసింది, ఆ వైద్యం మాట నిజమే.

ఆడవాళ్ల సంగతి మర్చిపోకూడదు. ఎదో కాలంలో పెళ్లయిన ఆడవాళ్లు పళ్లు నల్లగా రంగేసుకునేవాళ్లు, కనుబొమలు గొరిగించుకునేవాళ్లు. మెడ వెనక సన్న వెంట్రుకలు, ముఖం మీద నూగు, వీటికి కూడా కమిసోరి. అంటే ఇది మగవాళ్ల గడ్డం కత్తి అనుకోవడం కూడా తప్పే. తలకి, కనుబొమలకి, మెడకి, అన్నిటికీ అదే. గడ్డం అందులో ఒక పని మాత్రమే. ఇప్పటికీ జపాన్‌లో చాలామంది పెళ్లికూతుళ్లు పెళ్లికి ముందు క్షురకశాలకి వెళ్లి ముఖం, మెడ, వీపు పైభాగం గొరిగించుకుంటారు. బ్యూటీ పార్లర్లో అది పూర్తిగా చెయ్యనివ్వరు. 1947 నాటి చట్టం ప్రకారం ముఖక్షవరం లైసెన్సున్న క్షురకుల పని.

తర్వాత 1868లో మెయిజి కాలం. దేశం పడమటి పద్ధతిలోకి మళ్లింది. 1871లో ప్రభుత్వం ఒక ఆజ్ఞ ఇచ్చింది: పిలకలు కత్తిరించుకోవచ్చు, సమురాయ్‌లు ఖడ్గం పెట్టుకోకుండా తిరగొచ్చు. గమనించండి, జుట్టు, ఖడ్గం రెండూ ఒకే ఆజ్ఞలో. 1873లో చక్రవర్తి తానే పిలక తీయించుకున్నాడు, ఇక జనం మళ్లారు. 1876లో ఖడ్గం ధరించడమే నిషేధించారు. ఖడ్గాలు చేసే కమ్మరులకి పని పోయింది. చాలామంది వంటింటి కత్తులు, కత్తెరలు, కొడవళ్లు, కమిసోరీల వైపు మళ్లారు. "కటానా ఉక్కు" అనే అమ్మకపు మాటకి కాస్తో కూస్తో ఆధారం ఇక్కడ దొరుకుతుంది. అయితే అదే సమయంలో జర్మనీ జోలింగెన్ నుంచి, ఇంగ్లండ్ షెఫీల్డ్ నుంచి మడతపెట్టే రేజర్లు దిగాయి. పాత పిలక పోయి గడ్డం, క్రాఫు వచ్చాయి. నడినెత్తి గొరిగే పనే లేకపోయాక కమిసోరికి సగం పని పోయింది.

కానీ భాషలో మాత్రం అది ఇంకా పదునుగానే ఉండిపోయింది. చురుకైన బుర్రున్న మనిషిని జపనీయులు కమిసోరి అంటారు. మెయిజి కాలపు విదేశాంగ మంత్రి ముత్సు మునెమిత్సుకి కమిసోరి మంత్రి అని పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రధాని తోజో హిదెకికి కూడా ఇదే ముద్దుపేరు. మొదటాయనకి పొగడ్తగానే అనుకోవచ్చు, రెండో ఆయన దగ్గరికొచ్చేసరికి ఆ మాట వింటే మెడ దగ్గర చల్లగా అనిపిస్తుంది. షిగా నవోయా 1910లో కమిసోరి పేరుతోనే ఒక కథ రాశాడు. ఎప్పుడూ ఒక్క గాటు కూడా పెట్టని క్షురకుడు, జ్వరంతో ఉన్న రోజు ఒక కస్టమర్‌ని కూర్చోబెట్టి గొరుగుతుంటాడు. అంతకంటే చెప్పను, దొరికితే చదవండి. కానీ రాత్రి పడుకునేముందు వద్దు.

ఇప్పుడు ఉక్కు గురించి. నన్ను మోసం చేసిన మాట ఇదే కాబట్టి కొంచెం ఆగుతాను.

జపాన్ ఖడ్గాల ఉక్కుని తమహగనె అంటారు. ఇనప ఇసుకని, బొగ్గుని మట్టి కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు కాలుస్తారు. ఆ కొలిమిని తతారా అంటారు. చివర్లో కొలిమిని పగలగొట్టి పెద్ద ముద్దని బయటికి లాగుతారు. సుమారు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు పోస్తే వచ్చే ముద్ద రెండున్నర టన్నులు. అందులో ఖడ్గానికి పనికొచ్చే మంచి ఉక్కు ఒక టన్ను కూడా ఉండదు. షిమానె జిల్లాలో ఒక తతారాని 1977లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఉక్కు ముఖ్యంగా ఖడ్గాల కమ్మరుల కోసమే.

మరి తమహగనె కమిసోరీలు లేవా? ఉన్నాయి. వాటి వెనక ఒక మనిషి ఉన్నాడు. ఇవసాకి కోసుకె, 1903లో నీగాతా జిల్లా సాంజో ఊళ్లో పుట్టాడు. సాంజో అంటే ఇనప పనికి పేరున్న ఊరు. ఆయన టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో లోహశాస్త్రం చదివాడు, ఖడ్గాలు చేసేవాళ్ల పద్ధతులు నేర్చుకున్నాడు, ఆ రెంటినీ కలిపి తమహగనెతో రేజర్లు చేశాడు. 1967లో పోయాడు, కొడుకు షిగెయోషి ఆ పని కొనసాగించాడు. అంటే ఖడ్గం ఉక్కుతో పేరుమోసిన ఈ రేజర్లు సమురాయ్‌ల కాలం నుంచి వచ్చిన ఆనవాయితీ కాదు, 20వ శతాబ్దపు చదువుకున్న ఒక ఇంజనీరు పట్టుదల. నా దృష్టిలో ఇది సమురాయ్ కథ కంటే గొప్ప కథ. మిగతా పాత కమిసోరీల్లో ఎక్కువ భాగం మామూలు ఫ్యాక్టరీ ఉక్కుతో చేసినవే. చాలావాటి మీద "స్వీడన్ ఉక్కు" అని గర్వంగా ముద్రేసి ఉంటుంది. నా దాని మీద కూడా అదే ఉంది. కటానా ఉక్కు అని అమ్మినవాడు జపనీస్ అక్షరాలు చదవలేదు, నేనూ చదవలేదు. ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేస్తే పది సెకన్ల పని.

ఇక నేను ఎందుకు గాటు పెట్టుకున్నానో చెప్తా. కమిసోరి రెండు వైపులూ ఒకటి కాదు. గట్టి ఉక్కు పొర ఒకవైపు, మెత్తటి ఇనుము ఒకవైపు, రెంటినీ కొలిమిలో అతికిస్తారు. గట్టి ఉక్కు పదును పడుతుంది, మెత్తటి ఇనుము అది విరక్కుండా కాస్తుంది, సాన పట్టేటప్పుడు తొందరగా అరుగుతుంది. రెండు వైపులా లోతు వేరు, వాలు వేరు. కాబట్టి సాన కూడా సమానంగా పట్టకూడదు. ఒకవైపు ఏడు, ఇంకోవైపు మూడు అని కొందరు, పదికి ఒకటి అని ఇంకొందరు. ఎక్కువ రుద్దిన వైపు నుంచి అంచుకి సన్నటి పోగు లేస్తుంది, రెండోవైపు తక్కువ రుద్దడం దాన్ని తీసెయ్యడానికే. నేను ఇటు పది, అటు పది రుద్ది ఆ లెక్కంతా చెడగొట్టాను. తాత కత్తి రెండు వైపులూ ఒకేలా ఉండే కత్తి, దాని పద్ధతి దీనికి పనికిరాదు.

గొరిగేటప్పుడు కూడా చర్మానికి ఆనే వైపు ఒకటే ఉండాలనేది పాత పద్ధతి. కుర్చీలో ఒకళ్లు కూర్చుంటే, వెనకా పక్కనా తిరుగుతూ గొరిగేవాడికి అది ఇబ్బంది కాదు. అద్దం ముందు నుంచుని, తన ఎడమ చెంప తానే గొరుక్కునేవాడికి మణికట్టు తిరగదు. నాకనిపించేదేంటంటే, ఈ కత్తి అసలు ఒక మనిషి ఇంకో మనిషికి గొరగడం కోసమే కుదురుకున్న వస్తువు. భిక్షువుకి భిక్షువు, కస్టమర్‌కి కమియుయ్, పెళ్లికూతురికి లైసెన్సున్న మనిషి. ఒంటరిగా బాత్రూమ్‌లో వాడుకోవడం తర్వాత వచ్చిన సంగతి. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోతే కామెంట్లో వాదించండి.

సరే, ఇంత విన్నాక కూడా కొందరు కొంటారు, నాకు తెలుసు. కాబట్టి నేను పడ్డ పాట్లలోంచి కొన్ని.

పాతది కొనేటట్టయితే ఫోటోలు దగ్గరగా అడగండి. పైన తుప్పు మరకలుంటే పర్లేదు, తుడిస్తే పోతాయి. అంచుకి దగ్గర్లో గుంటలు పడిన తుప్పుంటే వదిలెయ్యండి, సాన పట్టేకొద్దీ ఆ గుంట అంచు దాకా వచ్చి పన్నులా చిరుగుతుంది. వెడల్పు మరీ తగ్గిపోయిన కత్తి అంటే ఎవరో జీవితమంతా వాడి అరగదీసినదని. బ్లేడు వంకర తిరిగిందేమో గాజు పలక మీద పెట్టి చూడమనండి. కొత్తది కొనేవాళ్లు, మీరు ఎడమచేతి వాటమైతే ముందే చెప్పండి.

సానకి జపాన్‌లో క్యోటో చుట్టుపక్కల కొండల రాళ్లు ప్రసిద్ధి. నకయామా, ఓహిరా, ఓజుకు లాంటి గనుల పేర్లు చెప్తే అక్కడి కత్తి పిచ్చోళ్ల కళ్లు మెరుస్తాయి. ఆ రాయి మీద రుద్ది ముద్ద చెయ్యడానికి నగురా అనే చిన్న రాళ్లు, పేరున్నవి ఐచి జిల్లా మికావా నుంచి. మనకి అదంతా అక్కర్లేదు. తయారీ రాళ్లు చాలు: అంచు చిరిగితేనే 1000 నంబరు, తర్వాత 5000 చుట్టుపక్కల, చివర 8000 లేదా ఇంకా పైన. రాయి సమతలంగా ఉండాలి, ఇది మాత్రం తప్పనిసరి. గుంట పడ్డ రాయి మీద ఎంత రుద్దినా పదును రాదు, ఉన్నది పోతుంది. కత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టండి, ఎత్తకండి, బలం పెట్టకండి. ఆ తర్వాత తోలు పట్టా మీద కత్తి వీపు ముందుండేలా లాగండి. అంచు ముందుంటే తోలు కోసేస్తారు. నేను కోశాను.

గొరిగే ముందు వేడినీళ్లు, బాగా నురగ. రెండో చేత్తో చర్మం బిగించి, కత్తిని దాదాపు చెంప మీద పడుకోబెట్టినట్టు, చిన్న చిన్న లాగులు. మొదట చెంపలు మాత్రమే. గడ్డం వంపు, పై పెదవి నెల తర్వాత. జపాన్‌లో నేర్చుకునే కుర్రాళ్లు నురగ పూసిన బుడగ మీద ప్రాక్టీస్ చేస్తారు, బుడగ పేలకుండా నురగంతా తియ్యాలి. మీరూ చేసి చూడండి, సరదాగా ఉంటుంది.

అయ్యాక కడిగి, పూర్తిగా ఆరేలా తుడవండి. ఇది స్టెయిన్‌లెస్ కాదు. జపనీయులు కామెల్లియా గింజల నూనె రాస్తారు. మా ఇంట్లో కుట్టు మిషన్ నూనె ఒక చుక్క రాస్తాం. బాత్రూమ్‌లో మాత్రం పెట్టకండి, వైజాగ్, కాకినాడ గాలికి రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. మీ కత్తి ఇంకెవరికీ ఇవ్వొద్దు, ఎవరిదీ మీరు వాడొద్దు, రక్తం ద్వారా అంటే జబ్బులున్నాయి. ఇంకోటి, విమానంలో చేతి సంచిలో పెట్టకండి, ఎవరి పదునూ అక్కడ చెల్లదు.

ఆ జబ్బుల భయమే నిజానికి కమిసోరి కథకి దాదాపు ముగింపు రాసింది. హెపటైటిస్, ఎయిడ్స్ భయాల తర్వాత జపాన్ క్షురకశాలల్లో మార్చే బ్లేడ్లు మామూలైపోయాయి. మన దగ్గరా అంతే కదా, కస్టమర్ చూస్తుండగా బ్లేడు రెండుగా విరిచి హోల్డర్లో పెడతారు. సెకి అనే ఊళ్లో 1932లో మొదలైన ఫెదర్ కంపెనీ, కమిసోరి ఆకారంలోనే బ్లేడు మార్చుకునే రేజర్ కూడా చేస్తుంది. పిడి ఆకారం పాతదే, సాన పట్టే పని లేదు. కమ్మరులూ తగ్గారు, సాన పట్టే క్షురకులూ తగ్గారు.

మా నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన బ్లేడు విరుస్తూ, "నాకు రోజుకి ముప్పై మంది వస్తార్రా, ముప్పై సార్లు సాన పడితే తినేదెప్పుడు" అన్నాడు. ఆ తర్వాత నా కమిసోరి తీసుకుని, బొటనవేలి గోటి మీద అంచు ఆనించి చూసి, "ఈ వైపు ఎక్కువ పట్టావు" అన్నాడు. ఏ పుస్తకం చదవలేదు ఆయన, ఏ వీడియో చూడలేదు. కిందటి వారం మేమిద్దరం కలిసి దాన్ని దారికి తెచ్చాం, మూడు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు చేతి వెంట్రుక ముట్టుకుంటే తెగుతోంది. గడ్డానికి ఇంకా పెట్టలేదు. నాన్న తాత పొదిలోంచి పాత కత్తి కూడా తీశాడు, అది రాయి మీద పెట్టాల్సి ఉంది. దాని పిడి కొమ్ముదా, చెక్కదా అని మా ఇద్దరికీ వాదన నడుస్తోంది. ఫోటో కింద పెడుతున్నా, తెలిసినవాళ్లు చెప్పండి. మీ ఇళ్లల్లో ఇలాంటి పొదులు ఎక్కడైనా అటక మీదుంటే అవి కూడా పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను.